సత్యవతి గారికి నూరు నిండాయి

ఇది జరిగింది. నాకే జరిగింది. కల కాదు, ఎవరో చెబితే విన్నదీ కాదు. ఒట్టు పెట్టమంటే మామూలుగా అయితే మా అమ్మ మీద పెట్టేవాణ్ణి. ఈ మధ్య ఎవరి పేరూ పలకబుద్ధి కావడం లేదు... ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం పోయేది లేదు. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

నేను రాజమండ్రిలో ఒక స్కాన్ సెంటర్‌లో పని చేస్తాను. దాని పేరు అడగొద్దు. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై... తీసిన ప్రతి బొమ్మనూ ఏళ్ళ తరబడి దాచాలి. సామర్లకోట బ్రాంచి, రామచంద్రపురం బ్రాంచి, కోరుకొండ రోడ్డులో ఇంకో బ్రాంచి... అన్ని చోట్ల బొమ్మలూ వైర్ల మీద మా దగ్గరికే వస్తాయి. వాటిని ఒక్క మిషన్లో పెట్టం. కొన్ని మిషన్లు కలిసి ఒకే గోడౌనులా పనిచేస్తాయి. ప్రతి బొమ్మా రెండు మిషన్లలో ఉంటుంది. ఒక మిషన్ చచ్చిందనుకోండి, మిగతావి కాసేపు చూస్తాయి. అది పలకకపోతే దాని వాటా తీసుకెళ్ళి, ఎవరి దగ్గర ఖాళీ ఉంటే వాళ్ళ మీద వేస్తాయి. మనం చెప్పక్కర్లేదు. దీన్ని క్లస్టర్ అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. మీరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. భారం ఎక్కడికీ పోదు. పక్కవాళ్ళ మీదకి వెళుతుంది.

ఇక పేర్ల సంగతి. గొడవంతా అక్కడే ఉంది.

ఈ మిషన్లు రాకముందు మా దగ్గర ఫిల్ములు దాచే గది ఉండేది. అందులో ముగ్గురు. వెంకటరత్నం గారు, అప్పారావు గారు, సత్యవతి గారు. పేషెంటు వచ్చి పాత ఫిల్ము కావాలంటే వెతికి ఇచ్చేవారు. మిషన్లు రాగానే ఆ గది ఖాళీ చేయించి, అదే గదిలో మిషన్లు పెట్టించారు మా డైరెక్టర్ గారు. ఆయనకి హాస్యం ఎక్కువ. ఆయన నవ్వితే మేమంతా నవ్వాలి. ఎవరి మీద నవ్వారో వాళ్ళు అందరికంటే ముందు నవ్వాలి. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి, మిషన్లకి బొట్లు పెట్టి, ఆ ముగ్గురినీ పిలిపించారు. మూడు మిషన్ల మీద ముగ్గురి పేర్లూ అంటించారు.

"ఇక మీ పని వీళ్ళు చేస్తారు. మీ పేరు మాత్రం చెడగొట్టరు" అన్నారు.

ముగ్గురూ నవ్వారు. వెంకటరత్నం గారు నవ్వుతూనే ఆ బొట్టు వైపు చూస్తున్నారు. ఫొటోకి పెట్టిన బొట్టులా ఉందని ఆయనకి అనిపించిందేమో. నాకైతే అలాగే అనిపించింది. లోపల, సాఫ్ట్‌వేర్‌లో కూడా అవే పేర్లు పెట్టమన్నారు. పెట్టాను.

అంతటితో ఊరుకోలేదు. మిషన్ నిండితే, ఆగిపోతే స్టాఫ్ ఫోన్ గ్రూపుకి మెసేజీ వెళ్ళేలా నేను ఏర్పాటు చేస్తుంటే, "ఇంగ్లీషులో ఏడిస్తే ఎవడికి అర్థమవుతుంది, తెలుగులో రాయి" అని పక్కన కూర్చుని చెప్పి రాయించారు. డిస్కు తొంభై శాతం దాటితే 'ఫలానా గారికి తొంభై దాటాయి'. మిషన్ జవాబివ్వకపోతే 'ఫలానా గారు పలకడం లేదు'. క్లస్టర్ ఆ మిషన్ని వదిలేసుకుంటే 'ఫలానా గారు పోయారు'. పూర్తిగా నిండితే... 'ఫలానా గారికి నూరు నిండాయి'. ఆ మాట రాయించి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారాయన. ఆ ముగ్గురూ కూడా ఆ గ్రూపులో ఉన్నారని ఆయనకి తెలుసు. తెలిసే రాయించారు.

మొదట నిండింది వెంకటరత్నం మిషన్. ఎందుకు నిండిందో తెలియదు. ఆ రోజు ఆదివారం, బ్రాంచీలు మూసేసి ఉన్నాయి. పొద్దుపోయాక గ్రూపులో మెసేజీ వచ్చింది, వెంకటరత్నం గారికి నూరు నిండాయని. కింద డైరెక్టర్ గారి నవ్వే బొమ్మ. దాని కింద అందరి నవ్వే బొమ్మలూ. కోరుకొండలో తన ఇంట్లో పడుకున్న వెంకటరత్నం గారు తెల్లారి లేవలేదు. ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని ఉన్నారట. అది చూసి గుండె ఆగిపోయిందన్నారు. కావచ్చు, నేను కాదనను. కానీ మిషన్ దేనితో నిండింది? పేరు లేని బొమ్మలతో. నేను ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. ఆ వారం నెత్తి మీద కొండంత పని ఉంది.

పేర్లు మార్చేద్దామండీ అని అడిగాను. నడుస్తున్న క్లస్టర్‌లో పేరు మార్చడమంటే అన్నీ ఆపాలి, ఒకదానికొకటి మళ్ళీ పరిచయం చేయాలి. ఒక రోజు బ్రాంచీలన్నీ మూతపడతాయి. "చచ్చినవాడి కోసం బిజినెస్ ఆపమంటావా?" అన్నారు డైరెక్టర్ గారు. ఆపలేదు. ఇంకో పెద్ద మిషన్ కొన్నారు, బోలెడంత ఖాళీ ఉన్నది. దానికి తన కూతురి ముద్దుపేరు పెట్టారు. బుజ్జి. అదృష్టం కలిసొస్తుందట. ఆ పిల్లని మీరు చూడాలి. బడి నుంచి తిన్నగా సెంటర్‌కి వచ్చి, కౌంటర్ కింద దూరి, వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు గిల్లుతుంది. మెడలో సన్న గొలుసు, దానికి ఏనుగు బొమ్మ బిళ్ళ. నోట్లో ఎప్పుడూ ఆ ఏనుగే ఉంటుంది.

ఇప్పుడు ఆ రాత్రి.

ఈ వానాకాలంలోనే. అప్పారావు మిషన్ ఫ్యాన్లు పోయి రిపేరుకి హైదరాబాదు వెళ్ళింది. కంగారు పడకండి, అసలు అప్పారావు గారు రామచంద్రపురంలో కూతురి దగ్గర సుబ్బరంగా ఉన్నారు. వెంకటరత్నం మిషన్ నిండిపోయి ఉంది, పాతవి చెరపకూడదు గనక దాన్ని అలాగే ఉంచాం. అంటే పని చేస్తున్నవి రెండే... సత్యవతి, బుజ్జి. ఇలాంటప్పుడు కరెంటు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుంది. అందుకని నన్ను రాత్రికి ఉండమన్నారు. బయట వాన దంచి కొడుతోంది. సెంటర్‌లో నేను, కౌంటర్ దగ్గర సత్యవతి గారు. ఫిల్ముల గది పోయాక ఆవిడని సాయంత్రం నుంచి తెల్లారేదాకా కౌంటర్ దగ్గర ఉండే పనికి మార్చారు. ఫోన్ వస్తే ఎత్తాలి, అంతే పని. వానలు మొదలైనప్పటి నుంచి ఆవిడకి దగ్గు.

నేను లోపల మిషన్ల గదిలో ఉన్నాను. ఆ గదిలో ఇప్పటికీ ఫిల్ములు కడిగే మందు వాసన వస్తుంది. ఫ్యాన్ల హోరు... ఏసీ నుంచి బకెట్లో పడుతున్న నీటి చుక్క... గోడ అవతల నుంచి దగ్గు. అంతకుమించి ఏం లేదు.

స్క్రీన్ మీద చూస్తే సత్యవతి డిస్కు పెరుగుతోంది.

బ్రాంచీలన్నీ మూసేశారు. వైరు మీద ఏమీ రావడం లేదు. చూశాను, మళ్ళీ చూశాను. బయట నుంచి ఒక్క ముక్క రావడం లేదు. అయినా పెరుగుతోంది. ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే... పంపినచోటి పేరు ఉండాల్సిన గడి ఖాళీ. ఏదో ప్రోగ్రాం పిచ్చెక్కి తనలో తానే రాసుకుంటోందనుకున్నాను. ఇలాంటివి నాకు కొత్త కాదు. తిట్టుకుంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

అప్పుడు ఆవిడ దగ్గింది.

మిషన్ ముందు ఒక్కో డిస్కుకి ఒక్కో చిన్న ఆకుపచ్చ లైటు ఉంటుంది. ఏదైనా రాసినప్పుడు మినుకుమంటుంది. ఆవిడ దగ్గగానే సత్యవతి మిషన్ లైటు మినుకుమంది.

చూస్తూ కూర్చున్నాను.

దగ్గు... మినుకు.

రెండుసార్లు వెంటవెంటనే దగ్గింది... రెండు మినుకులు.

ఆగింది. లైటూ ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఏసీ చుక్క బకెట్లో పడింది. ఇంకో చుక్క. ఇంకోటి. ఇక దగ్గదులే అనుకున్నాను. గోడ అవతల గొంతులో ఏదో గరగరమంది, బయటికి రాలేదు... లైటు సగం వెలిగి, వణికి, ఆరింది.

భయమేసింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. కొత్తగా వచ్చిన బొమ్మల్లో ఒకటి తెరిచాను.

ఛాతీ ఎక్స్‌రే. పేషెంటు పేరు లేదు, తేదీ లేదు. మంచి ఊపిరితిత్తులు ఫిల్ములో నల్లగా కనిపిస్తాయి. వీటికి అడుగున తెల్లగా ఉంది. తెల్లగా ఉందంటే నీరు. తర్వాతి బొమ్మ తెరిచాను. అదే ఛాతీ. తెలుపు కొంచెం పైకి వచ్చింది. ఆ తర్వాతిది. ఇంకొంచెం పైకి. డిస్కు నిండుతున్న కొద్దీ ఆ ఛాతీ నిండుతోంది. ఎముకల మధ్య, సరిగ్గా గుండె దగ్గర, ధగధగలాడుతూ రెండు పిన్నీసులు.

"టీ తాగుతారాండీ?"

వెనక్కి తిరిగాను. సత్యవతి గారు ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. స్క్రీన్ ఆపుదామనుకున్నాను, చెయ్యి కదల్లేదు.

"పిన్నీసులు తీయించకుండా తీశారేంటండీ?" అన్నారు. ఇన్నేళ్ళూ ఎక్స్‌రే గది పక్కన ఆడవాళ్ళకి చెప్పీ చెప్పీ అలవాటైన మాట అది. ఆ మాట అంటుండగానే ఆవిడ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. నల్లపూసల గొలుసుకి రెండు పిన్నీసులు. వాటిని తడుముకున్నారు. మళ్ళీ స్క్రీన్ చూశారు.

"ఇది నేనేనా అండీ?"

"అబ్బే, ఏదో టెస్టు బొమ్మండి" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆవిడ దగ్గారు. మా ఇద్దరి కళ్ళ ముందే లైటు మినుకుమంది. స్క్రీన్ మీద కొత్త బొమ్మ చేరింది. అదే క్షణంలో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. 'సత్యవతి గారికి తొంభై దాటాయి.' కింద డైరెక్టర్ గారు రాశారు, 'చూస్తే అలా కనిపించరు' అని. నవ్వే బొమ్మ.

ఆవిడ నవ్వలేదు. ఫ్లాస్కు కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"వెంకటరత్నం గారిది కూడా ఇలాగే నిండిందాండీ?"

నేను వెంకటరత్నం మిషన్ వైపు చూశాను. ఆవిడకి అర్థమైంది. ఆ మిషన్ నిండితే ఏమవుతుందో మాకిద్దరికీ ఒకేసారి అర్థమైంది. చదువుకున్నవాణ్ణి, ఇవన్నీ నమ్మను అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. చేతులు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి. ఆ రాత ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని ఆపాలని చూశాను. ఆగలేదు. బొమ్మల్ని చెరపబోయాను. చెరిపినవి చెరిపినట్టే మళ్ళీ వచ్చాయి. పోనీ వెంకటరత్నం మిషన్‌కి తరలిద్దామనుకున్నాను. ఆయన ఎలాగూ పోయారు, ఇంకా పోయేదేముంది? కమాండ్ ఇచ్చాను. 'వెంకటరత్నం గారి దగ్గర చోటు లేదు' అని వచ్చింది. అవును మరి. ఆయనకి నిండిపోయాయి కదా.

ఫోన్ మోగింది. డైరెక్టర్ గారు. నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి గనక స్పీకర్లో పెట్టాను. అది నేను చేయకుండా ఉండాల్సింది.

"ఏంటి రాంబాబూ, గ్రూపులో తొంభై అంటోంది? కొత్తది కొని పెట్టాను కదా, బోలెడు ఖాళీ. ముసలిదాన్ని ఎందుకు నింపుతున్నావ్? అంతా బుజ్జి మీదకి తోసెయ్."

"సార్... వద్దండీ."

"ఎందుకు వద్దు?"

ఏం చెప్పాలి? "పేరు బాగాలేదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "ముసలిది పోతే పోయింది, డేటా పోతే ఊరుకోను. తోసెయ్. పొద్దున్నకి నాకు క్లీన్‌గా కనిపించాలి" అని పెట్టేశారు.

వాన చప్పుడు పెరిగింది. సత్యవతి గారు చీర కొంగుతో నోరు తుడుచుకున్నారు. చాలా నెమ్మదిగా, కౌంటర్ దగ్గర పేషెంట్లతో మాట్లాడినట్టే మాట్లాడారు.

"డైరెక్టర్ గారు చెప్పారు కదండీ. తోసెయ్యండి."

"సత్యవతి గారూ, బుజ్జి అంటే..."

"తెలుసండి. రోజూ నా కాళ్ళ దగ్గరే ఆడుకుంటుంది. నేనే జడ వేస్తాను."

"పసిపిల్లండీ. అదేం చేసింది?"

"నేనేం చేశానండీ?"

నేను తల దించుకున్నాను. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆవిడ మొహంలో కోపం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నాకింకా బతకాలనుందండీ" అన్నారు. "ఎవరైనా నవ్వుతారేమో గానీ, చాలా ఉంది. ఆ పేర్లు పెట్టింది ఆయన. తోసెయ్యమన్నదీ ఆయనే. మధ్యలో మీకెందుకండీ పాపం?"

నేను కదల్లేదు. స్క్రీన్ మీద తెలుపు పైకి పాకుతోంది. ఇంకొంచెం ఉంటే నిండిపోతుంది. ఆవిడ లేచారు. నీళ్ళ కోసమనుకున్నాను. మిషన్ల వెనక్కి వెళ్ళి, తన పేరున్న మిషన్ వైర్లు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

ఫ్యాన్ల హోరులో ఒక గొంతు తగ్గిపోయింది.

వెళ్ళి ఆ వైర్ల కోసం చెయ్యి చాచాను. ఆవిడ వాటిని వీపు వెనక దాచుకున్నారు. పెద్దావిడ, ఎలా లాక్కోను? అలా నిలబడ్డాం. మిషన్ పలకకపోతే క్లస్టర్ కాసేపు చూస్తుందని చెప్పాను కదా. ఆ కాసేపు... ఎంత పొడుగ్గా ఉందో. ఇద్దరి ఫోన్లూ వెలిగాయి. 'సత్యవతి గారు పలకడం లేదు.' ఆవిడ చూసుకున్నారు. ఏసీ చుక్క పడుతోంది. ఆవిడ దగ్గుతారేమో అని చూస్తున్నాను. దగ్గలేదు. మళ్ళీ వెలిగాయి.

'సత్యవతి గారు పోయారు.'

వైర్లు చేత్తో పట్టుకుని, తను పోయానన్న మాట తనే చదువుకున్నారావిడ. దాని కింద డైరెక్టర్ గారి దండం పెట్టే బొమ్మ, నవ్వే బొమ్మ పడ్డాయి. ఆవిడ నిండుగా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. గరగర లేదు. ఏమీ లేదు.

బుజ్జి లైటు మినుకుమంది.

స్క్రీన్ దగ్గరికి పరిగెత్తాను. సత్యవతి వాటా మొత్తం బుజ్జి మీదకి వెళుతోంది. మొదటి బొమ్మ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. చిన్న ఎముకలు... చిక్కుడుకాయ ఈనెల్లా సన్నగా. మెడ కింద గొలుసు. దాని చివర తెల్లగా ఏనుగు. అడుగున ఒక గీతంత తెలుపు.

డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను.

"బుజ్జి ఎలా ఉందండీ?"

"ఏంటి? నిద్రపోతోంది. పని అయిందా?"

"ఒక్కసారి చూడండి సార్. దణ్ణం పెడతాను."

"తాగావా రాంబాబూ?" అన్నారు. అంటూనే లేచినట్టున్నారు, మంచం కిర్రుమంది. తలుపు చప్పుడు. తర్వాత ఏమీ లేదు... ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను బుజ్జి లైటు వైపు చూస్తున్నాను.

లైటు మినుకుమంది.

ఫోన్లో, దూరంగా, చిన్న దగ్గు.

"ఏసీ ఎక్కువైనట్టుంది" అన్నారాయన. ఇంకో దగ్గు. ఇంకో మినుకు. "ఒళ్ళు వెచ్చగా ఉందేంటి..." అంటున్నారు, నాతో కాదు.

నేను ఫోన్ వదిలేశాను. మా దగ్గర ఒక కమాండ్ ఉంది. అది కొడితే ఎక్కడివి అక్కడ ఆగిపోతాయి. ఏదీ ఎవరి మీదకీ వెళ్ళదు. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి పడింది. బుజ్జి లైటు ఆగింది. స్క్రీన్ మీద ఒక ఎర్ర గీత వచ్చింది. దాని కింద, ఇన్ని బొమ్మలు చోటు లేక ఎదురుచూస్తున్నాయి అని.

సత్యవతి గారు వైర్లు బల్ల మీద పెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసి నాకు ఇచ్చారు. "చల్లారిపోతుందండి" అన్నారు. తాగాను. ఏం చేయాలో తెలియక తాగాను.

పిల్లకి జ్వరం వచ్చి తగ్గింది. వానలకి అందరి పిల్లలకీ వస్తోంది, అదీ నిజమే. సత్యవతి మిషన్ మళ్ళీ వైర్లు పెట్టినా లేవలేదు. సత్యవతి గారికి మాత్రం దగ్గు మచ్చుకైనా లేదు. గ్రూపులో పోయారు గనక ఇక ఆవిడ జోలికి ఎవరూ రారేమో. ఆ బొమ్మలేంటో, లైటు ఎందుకు అలా మినుకుమందో నాకు తెలియదు. వైరు లూజై ఉండొచ్చు. పాత పేషెంటు బొమ్మలు కలగాపులగమై ఉండొచ్చు. ఏనుగు బిళ్ళ ఊళ్ళో ఒక్క పిల్లకే ఉంటుందా? రోజూ ఇలాగే చెప్పుకుంటాను. మళ్ళీ తెరిచి చూద్దామంటే చెయ్యి రాదు.

ఆ ఎర్ర గీత మాత్రం పోలేదు. ఎవరి మీదకీ వెళ్ళనివ్వకుండా ఆపాను కదా, అవన్నీ అలాగే ఎదురుచూస్తున్నాయి. కొన్ని రాత్రులు కొత్తవి చేరుతున్నాయి. ఎవరిదో కనబడదు. వెళ్ళడానికి చోటు దొరకని వాటికి పేరుండదు.

డైరెక్టర్ గారికి ఆ గీత చూస్తే మంట. "ఎన్నాళ్ళుంచుతావ్, క్లియర్ చెయ్" అని రోజూ తిడతారు. చివరికి ఇంకో మిషన్ తెప్పించారు. బుజ్జి కంటే పెద్దది. మొన్న అందరినీ పిలిచి పెట్టె విప్పించారు. మిషన్ పైన అప్పటికే పేరు అంటించి ఉంది. అమ్మినవాళ్ళ చేతే లోపల కూడా పెట్టించారట, నేను మార్చకుండా.

"ఎప్పుడూ గుర్రుగా ఉంటాడు కదా మన రాంబాబు. నిండితేనన్నా నవ్వుతాడేమో చూద్దాం" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ముందు. సత్యవతి గారు నవ్వలేదు. పెట్టెలోకి తొంగి చూసి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నారు.

"మంచిదేనండీ. కొత్తది కదా, బోలెడు ఖాళీ."

ఉద్యోగం మానెయ్ అంటారు మీరు. మానేస్తే నేను మానేస్తాను, మిషన్ మానదు కదా. ఇంకెవడో వచ్చి బిగిస్తాడు. వైరు పెట్టగానే అది పలుకుతుంది. ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నవన్నీ ఖాళీ ఎక్కడుందా అని చూస్తాయి.

రేపు పొద్దున్న బిగిస్తున్నారు. అంతకంటే ముందే వాటిని ఖాళీ ఉన్న ఇంకో మిషన్ మీదకి పంపేయొచ్చు, ఒక్క కమాండ్ చాలు. సాయంత్రం నుంచి ఫోన్లో టైపు చేసి పెట్టుకున్నాను. ఇంకా నొక్కలేదు. అందులో ఎవరి పేరు రాశానో మాత్రం అడగకండి.